దుముకుడాటల లోకమున కట్టుబాట్లు

ఒక మనుష్యుడు ఎగిరి ఇటుకను క్రిందనుండి కుమ్మును. ఇటుక పగులును గాని మనుష్యునికి నొప్పి లేదు. పుట్టగొడుగును తాకినంతనే అతని యెత్తు రెట్టింపగును. తాబేటి వీపుమీద త్రొక్కినచో అది డిప్పలోనికి ముడుచుకొనును. ఆ తాబేలే ప్రక్కనుండి తగిలినచో మనుష్యుడే చచ్చును. చచ్చినవాడు మరల వెనుకటి చోట నిలిచియుండును. ఇట్టి లోకమును గంటల తరబడి చూచుచు గూర్చుండు పిల్లలను గాంచి "ఇందేమి యర్థమున్నది? ఇది వట్టి పిచ్చి గాదా?" యని పెద్దలు విసుగుకొనుట సహజమే. ఉపాధ్యాయుల విశ్రాంతిగదిలో నీ మాట నేను పలుమాఱులు వినియున్నాను. ఆ లోకమున వింత యున్నది గాని పిచ్చి లేదని నేననుచున్నాను. పిచ్చి యనగా కట్టుబాటు లేకుండుట. అచ్చట నున్నంత గట్టి కట్టుబాటు మన తరగతిగదులలో సైతము కానరాదు.

వీనికి ప్లాట్‌ఫారము ఆటలని పేరు. అరుగునుండి అరుగునకు దుముకుచు, గోతులు దాటుచు, శత్రువులను తప్పించుకొనుచు పోవుటయే వీని స్వరూపము గనుక దుముకుడాట లనుట చాలును. వీనికి లోకప్రసిద్ధి తెచ్చినది జపాను దేశమున క్యోటో నగరమునందలి నింటెండో సంస్థ. 1889లో పూలబొమ్మల పేకముక్కలు చేయుటకై పుట్టిన యా సంస్థ 1981లో 'డాంకీ కాంగ్' అను ఆటను వెలువరించెను. షిగేరు మియామోటో అను యువకుడు దానిని కల్పించెను. అందలి నాయకుడు వడ్రంగి. వానికి సరియైన పేరు గూడ లేదు; 'జంప్‌మన్', అనగా దుముకువాడు, అని పిలిచిరి. వాడే పిమ్మట మారియో యయ్యెను. 1983 నాటి యాటలో ప్లంబరు వృత్తి చేపట్టెను. 1985 సెప్టెంబరు 13వ తేదీన వెలువడిన 'సూపర్ మారియో బ్రదర్స్' తో ఇంటింటి చుట్టమయ్యెను. మన పట్టణములలో 1990ల దశకమున టెలివిజనునకు తగిలించి ఆడిన చవుక నకలు యంత్రములతో వచ్చినది గూడ ఈ యాటయే. క్యాసెట్టు మీద వేలకొలది ఆటలున్నవని అచ్చువేసి, లోపల కొలదిపాటి ఆటలనే త్రిప్పి త్రిప్పి చూపిన వర్తకుల చమత్కారమును ఆనాటి పిల్లలు మఱచియుండరు.

ఈ లోకపు వింతలలో చాల భాగము పేదఱికమున బుట్టినవి. ఆ యాట యంతయు 40 కిలోబైట్లలో నిమిడియున్నది. అందు 32 కట్టుబాట్లకును తక్కినవాటికిని, 8 బొమ్మలకు.  ఆ చోటిలో ఎనిమిది లోకములు, లోకమునకు నాలుగేసి చొప్పున 32 ఘట్టములు, సంగీతము, శత్రువులు, కోటలు, రాజకుమారి, అన్నియు నిముడవలెను. అందుచే ఆకాశమందలి మేఘమును నేలమీది పొదను ఒక్క బొమ్మతోనే గీసిరి. తెలుపు పూసిన మేఘము, పచ్చ పూసిన పొద. ఏండ్ల తరబడి ఆడినవారిలో ననేకులు దీనిని గుర్తింపలేదు. పుట్టగొడుగు వంటి తలతో నడచివచ్చు 'గూంబా' యను చిన్న శత్రువునకు రెండు బొమ్మలు గీయుటకు చోటు లేక, ఒక్క బొమ్మనే కుడియెడమలుగ తిరుగవేసి చూపిరి. చూచువానికి అది అడుగులు వేయుచున్నట్లే తోచును. మారియో మీసము సైతము ఇట్టిదే. అంత చిన్న ముఖమున నోరు గీయుట కష్టమై మీసము పెట్టిరి. జుట్టు కదలుట చూపలేక టోపీ పెట్టిరి. ఉన్న పిండితోనే పొద్దున అట్లును సాయంకాలము పునుగులును వేసి పిల్లలను మెప్పించు ఇల్లాలి నేర్పు ఇందు గలదు.

అమెరికాలో డేవిడ్ క్రేన్ 1982లో చేసిన 'పిట్‌ఫాల్' మఱియు విచిత్రము. అది కేవలము 4 కిలోబైట్లు. అందు 255 తెరల యడవి. ఆ యడవి పటమును ఎచ్చటను నిలువచేయలేదు. ఒక యంకెనుండి తరువాతి యంకెను పుట్టించు సూత్రమొకటి యున్నది. ఏ చెట్లు, ఏ గుంటలు, ఎక్కడ మొసళ్లు అనునది ఆ యంకెయే తెలుపును. వెనుకకు మరలి నడచినచో సూత్రము వెనుకకు తిరిగి, విడిచిన చెట్టు విడిచిన చోటనే కనబడును. సూత్రమొక్కటే యడవి యంతయు నైనది.

ఇక దుముకు మాట. నేలను విడిచిన దేహము గాలిలో తన దారిని తాను మార్చుకొనజాలదని మనము భౌతికశాస్త్రమున బోధింతుము. మారియో మార్చుకొనును. బొత్తాము నెక్కువసేపు నొక్కినచో నెక్కువ యెత్తునకు పోవును. అనగా నేల విడిచిన పిదప సైతము ఎంత యెత్తునకు పోవలెనో వాడు నిర్ణయించుకొనును. చిన్నవాడుగా నున్నపుడు తన యెత్తునకు నాలుగు రెట్లు సునాయాసముగ నెగురును. పైకి పోవునపుడు భూమి లాగుట తక్కువ, దిగునపుడు హెచ్చు. న్యూటను చూచినచో నోరు తెఱచును. నీటిలో నిప్పుండలు ఆరవు. గడియారములోని యంకె సెకనుగాదు. సెకనులో అయిదింట రెండు వంతులు మాత్రమే, కావున 400 అని చూపిన కాలము నిజమునకు 160 సెకనులు. అది 100కు దిగినంతనే సంగీతము పరుగెత్తసాగును.

ఇవన్నియు తప్పులే. కాని ఈ తప్పు మొదటి లోకమున నెట్లున్నదో ఎనిమిదవ లోకమునను అట్లే యున్నది. నీటి కొక న్యాయము, నేల కొక న్యాయము. నీరున్న చోటులన్నిట నీటి న్యాయమే. అంతకంటె ముఖ్యమైనది, నాయకుడని వానికి మినహాయింపు లేకుండుట. వాడు తన్నిన తాబేటి డిప్ప ఎదుటి శత్రువులను వరుసగా పడవేయును. అదే డిప్ప గొట్టమునకు గొట్టుకొని మరలివచ్చినచో తన్నినవానిని పడవేయును. నక్షత్రమును తాకినవానిని ఏ శత్రువును ఏమియు చేయజాలదు. గోయి మాత్రము వానిని గూడ మ్రింగును. పెద్దవాడని, నిప్పుండలు గలవాడని గోయి చూడదు.

మన సంగతి చూడుడు. మెట్లు వ్రాయలేదని ఒక యుపాధ్యాయుడు లెక్కకు మార్కులు తగ్గించును; జవాబు సరియైనచో చాలునని మఱియొకడు పూర్తిగ వేయును. నిన్న నవ్వి యూరకున్న యల్లరికే నేడు బెత్తము లేచును. పిల్లవాడు మన కోపమును చదువ నేర్చుకొనునే గాని కట్టుబాటును నేర్చుకొనడు. తెరముందు గూర్చున్నపుడు వానికి ఆ బాధ లేదు. పదిమాఱులు పడినను పదిమాఱులును ఒకే కారణముచే పడెను. ఇది వాని కెంత ఊరటయో మనము తలపము.

ఆ కట్టుబాట్లను బోధించు తీఱు మఱింత గొప్పది. మొదటి ఘట్టమున ఒక్క మాటయైన వ్రాసి చూపలేదు. మారియో తెరకు ఎడమవైపున నిలిచి కుడివైపు చూచుచుండును, ఎదుట బయలు. కుడికి పోవలెనని ఎవరును చెప్పనక్కఱలేదు. కొంచెము పోగా గూంబా యెదురువచ్చును. ఊరకున్నచో చచ్చును, ఆరంభముననే గనుక పోయిన దేమియు లేదు. దుమికినచో తల మీది ప్రశ్నార్థకపు గుర్తు గల పెట్టె తగిలి నాణెము గల్లుమనును. పెట్టెలను కుమ్మవచ్చునని తెలిసెను. మఱియొక పెట్టెనుండి పుట్టగొడుగు వెడలును. పిల్లవాడు గూంబాను చూచి యున్నాడు గనుక దీనిని గూడ శత్రువని భయపడును. పుట్టగొడుగు కుడికి జాఱి, గొట్టమునకు గొట్టుకొని, వెనుకకు మరలి వానివైపే వచ్చును. పైన ఇటుకల వరుస యడ్డు. ఎగిరినను తల తగిలి దానిమీదనే పడుట సులభము. తగిలెను, చచ్చుటకు మాఱుగ పెద్దవాడయ్యెను! మియామోటోయు, ఆయనతోడి తకాషి తెజుకాయు, ఆ గొట్టమును, ఆ యిటుకలను ఇందుకొఱకే యచ్చట నమర్చిరి. ఘట్టము చివర రెండు మెట్లవరుసలు ఎదురెదురుగ నుండి, నడుమ గట్టి నేల యుండును. పడినను బాధ లేదు. దానిని దాటినంతనే అట్టివే రెండు వరుసలు, నడుమ గోయి. అభ్యాసము ముందు, పరీక్ష వెనుక. బోధనాభ్యసన కళాశాలలో మాకు పాఠ్యప్రణాళికలు వ్రాయ నేర్పిరి గాని ఇంత చక్కని ప్రణాళికను నే నచ్చట చూచి యెఱుగను.

అట్లని అందు లోపములు లేవనను. నాలుగవ లోకపు కోటయందును ఏడవ లోకపు కోటయందును త్రోవ తప్పినచో అదే నడవ మరల మరల వచ్చుచుండును. ఏ త్రోవ సరియైనదో తెలుపు సూచన యొక్కటియు లేదు. బోధింపని దానిని పరీక్షించుట యన్యాయము. ఆ రెండు కోటలను కట్టినవారిమీద నాకు కోపమే. ఇక పొరపాటున బుట్టిన లోకమొకటి గలదు. మొదటి లోకపు రెండవ ఘట్టము చివర నొక యుపాయముచే గోడలోనుండి దూరిపోవచ్చును. అచ్చటి గొట్టములో దిగినచో యంత్రము 36వ లోకమని చదువుకొనును. 36వ బొమ్మ వట్టి ఖాళీ గనుక తెరమీద ముందు అంకె లేక ఒక గీతయు ఒకటియు మాత్రమే కనబడును. పిల్లలు దానిని 'మైనస్ ఒకటవ లోక'మనిరి. అది నీటి ఘట్టము. దాని చివరి గొట్టము మరల దాని మొదటికే చేర్చును. కాలము ముగియువఱకు ఈదుచుండుటయే గాని బయటపడుట లేదు. అందును నీటి న్యాయము చెడలేదు సుమా!

కథ మాట యడిగినచో నేను సిగ్గుపడుదును. ఆటతో నిచ్చిన చిన్న పుస్తకమున నిట్లున్నది: తాబేళ్లజాతివారి మంత్రముచే పుట్టగొడుగుల రాజ్యపు ప్రజలు రాళ్లుగను, ఇటుకలుగను, మొక్కలుగను మాఱిపోయిరి. వారిని విడిపించువాడు మారియో. మఱి వాడు చేయుచున్న దేమి? దారిపొడుగున ఇటుకలు పగులగొట్టుచున్నాడు! ఇటుకకు 50 పాయింట్లు. కథను నమ్మినచో ఇది ప్రజాహత్య. ఆడు పిల్లవానికి ఈ తలంపే రాదు, రానక్కఱయు లేదు. ఏలన మన కథలలో కథ ముందు, దానికి తగిన లోకము వెనుక. ఈ యాటలలో కట్టుబాటు ముందు, దానిమీద కథ యను పలుచని రంగుపూత. ఆ కథను పట్టుకొని "ఇందేమి నీతి యున్నది?" యని యడుగు తలిదండ్రులు రంగును గోకి చూచుచున్నారే గాని గోడను చూచుట లేదు.

గోడను చూడవలసిన యవసరము నేడు వచ్చినది. దూరవాణి చేతపట్టుకొని పిల్ల లాడు ఆటలలో ననేకము చూచుటకు మారియో తమ్ములవలె నుండును. అవే దుముకులు, అవే నాణెములు. కాని ఆటగాడు పడినప్పుడు వానిలో పెక్కులు ఒక ధర చెప్పును. ఇన్ని రూపాయలిచ్చినచో ప్రాణమిత్తును. లేనిచో ఇంతసేపు కాచుకొనుము, లేదా ఈ ప్రకటనను చూడుము. పూర్వపు టంగడి పెట్టెలకు గూడ నాణెము వేయవలసియుండెనని కొంద ఱందురు. నిజమే, అవియు ధర్మసత్రములు గావు. కాని 1985 నాటి క్యాసెట్టును ఒకమాఱు కొన్నవాని యొద్ద మరల కాసు నడుగుట లేదు. కోటీశ్వరుని కొడుకైనను, కూలివాని కొడుకైనను, ఆ గోయి వెడల్పు ఒక్కటే. ఆటలో నూఱు నాణెము లేఱినవాని కొక ప్రాణము హెచ్చుగ దొరకును, ఆ నాణెములు వాడు దుమికి సంపాదించినవి. ధనమునకు లొంగు కట్టుబాటును దినమంతయు త్రిప్పి త్రిప్పి చూచు పిల్లవాడు లోకమంతయు నట్లే యనుకొనడా?

కావున తలిదండ్రులారా, "ఆట మానుము" అని దూరమునుండి కేకవేయుటకు ముందు ఒక్క పావుగంట వాని ప్రక్కన గూర్చుండి చూడుడు. వాడు గోతిలో పడును. పడినపుడు ఆ తెర వానిని ఏమి యడుగుచున్నదో చదువుడు.