కొండ మీద పడితే మోసుకొచ్చేదెవరు?

వానలు వెనకబట్టాయి. దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా ఉత్తరాంధ్ర కొండలకు జనం పోటెత్తే కాలం. సీతంపేట దగ్గర ఆడలి వ్యూ పాయింటుకూ, శృంగవరపుకోట పుణ్యగిరికీ, తాటిపూడి రిజర్వాయరు చుట్టూ ఉన్న కొండలకూ, సాలూరు ఘాటుకూ ఆదివారం తెల్లారకముందే బయల్దేరేవాళ్లలో ఇప్పుడు గేరు సైకిళ్ల కుర్రాళ్లూ ఉంటున్నారు. వ్యాయామం, సరదా, స్నేహితులు. ఎవరూ కాదనరు. కానీ తారురోడ్డు వదిలి పశువుల బాటలోంచి, జీడితోటల మధ్యనుంచి, గెడ్డ పక్కనుంచి సైకిలు దించే ప్రతి ఒక్కరికీ, వాళ్లను పంపే ఇంటి పెద్దలకీ ఇది హెచ్చరిక. వచ్చే ఆదివారం లోపు చదవాల్సిన హెచ్చరిక.

పడటం తప్పు కాదు. పడకుండా సైకిలు నేర్చినవాడు ఎవడూ లేడు. తేల్చుకోవాల్సింది ఒక్కటే: అక్కడ పడితే మిమ్మల్ని రోడ్డు దాకా ఎవరు తెస్తారు, ఎంతసేపటికి తెస్తారు?

2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఎందరి ప్రాణాలో కాపాడింది. అయితే అది రోడ్డున్నంత దూరమే వస్తుంది. రోడ్డు సరిగా లేని ఏజెన్సీ గూడేల కోసం 2018లో మోటారుసైకిలు మీద నడిచే ఫీడర్ అంబులెన్సులు పెట్టారు. బాటే లేనిచోటికి అవీ రాలేవు. అక్కడి నుంచి మిగిలేది డోలీ. పురిటి నొప్పులతో ఉన్న ఆడకూతుర్ని కర్రకు కట్టిన దుప్పట్లో పడుకోబెట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొచ్చే సవర, జాతాపు గూడేల వార్తలు మన జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. సరదాకి కొండెక్కి కాలు విరగ్గొట్టుకున్న టౌను కుర్రాణ్ణి మోసేదీ ఆ భుజాలే. మోసిన నలుగురికీ ఆ పూట కూలి పోయినట్టే.

రోడ్డెక్కాక కూడా దూరం తరగదు. దగ్గరి ఆస్పత్రిలో కట్టు కడతారు, సెలైను పెడతారు. తలకు స్కానింగు కావాలంటే తరచూ శ్రీకాకుళమో విజయనగరమో చేరాల్సి వస్తుంది. మెదడుకు ఆపరేషను అవసరమైతే చాలాసార్లు విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) దారి పట్టాలి. శ్రీకాకుళం నుంచే అది వంద కిలోమీటర్ల పైమాట.

అన్నీ అందుబాటులో ఉన్నా ప్రాణం దక్కని సందర్భాలున్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ఇరవయ్యేళ్ల మౌంటెన్ బైకర్ అన్నెఫ్లూర్ కాల్వెన్‌హార్ 2014 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో ప్రపంచకప్ పోటీలో పడిపోయింది. హెలికాప్టర్‌లో గ్రెనోబుల్ ఆస్పత్రికి చేర్చారు. మర్నాడే చనిపోయింది. ఆమె ఆరితేరిన క్రీడాకారిణి. తొక్కింది పోటీకని తీర్చిన దారి మీద, వైద్య సిబ్బంది ఎదుట. మన కొండదారిలో ఆ మూడింట్లో ఒక్కటీ ఉండదు.

పేరు ఎంటీబీ, పని ఊరి రోడ్డుది

లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, ఫ్రేము మీద పెద్దక్షరాలతో ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్. పది పదిహేను వేలకు షాపులో దొరికే ఈ సైకిలు చూడటానికి కొండల కోసమే పుట్టినట్టుంటుంది. కొన్న రోజు ఇచ్చే పుస్తకం తెరిస్తే మాత్రం, ఎగుడు దిగుడు దారుల్లో తొక్కడానికీ, దూకించడానికీ ఇది తగదని చాలా మోడళ్లకు వాళ్లే రాసి ఉంటారు. ఆ పేజీ ఎవరూ చదవరు, షాపువాడూ చెప్పడు. ఊళ్లో కాలేజీకి వెళ్లడానికి అది చక్కటి బండి. ఘాటు దిగడానికి కాదు.

ముఖ్యంగా బ్రేకుల సంగతి. కొండ సైకిలు ఆట పుట్టిన చోటే ఈ పాఠం ఉంది. 1976 అక్టోబరు 21న అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఫెయిర్‌ఫాక్స్ దగ్గరి కొండ మీంచి కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లతో పందెం పెట్టుకుని దిగారు. వెనక చక్రం హబ్బులోనే బ్రేకు ఉండే సైకిళ్లవి. కిందికి వచ్చేసరికి ఆ వేడికి హబ్బులోని గ్రీజు కాలి పొగలు కక్కేది. ఒక్కసారి దిగితే హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సిందే. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరు వచ్చింది. యాభై ఏళ్లలో బ్రేకులు మారాయి కానీ సూత్రం మారలేదు. ఎంత ఎత్తు నుంచి దిగితే అంత వేడిని బ్రేకు మింగాలి. సాలూరు నుంచి ఒడిశా సుంకి వైపు ఎక్కే ఘాటులో గానీ, అనంతగిరి ఘాటులో గానీ వంపు వెనక వంపు వస్తూనే ఉంటుంది. దిగుడంతా బ్రేకు అలాగే నొక్కి పట్టుకుంటే చవకరకం ప్యాడ్లు కాగిపోయి పట్టు వదిలేస్తాయి. సాలూరు ఘాటులో ఎదురొచ్చేది లారీ. కాసేపు దిగాక ఆగండి. డిస్కును చేత్తో ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. నీళ్లు కూడా పొయ్యకండి. దానంతట అది చల్లారనివ్వండి.

పడేది ఇలా

తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఖొండలైట్ రాయి ఎండకూ వానకూ పెళుసెక్కి ఎర్ర గ్రావెల్‌గా రాలుతుంది. వాన వెలిశాక గట్టినేల మీద పలచగా పరుచుకున్న ఆ గ్రావెల్ టైరు కింద సెనగ గింజల్లా దొర్లుతుంది. బాట మీదికి ఒరిగిన గడ్డి కింద వాన కోసిన గాడి ఉన్నా పైకి కనబడదు.

అలాంటి చోట వాలు ఒక్కసారిగా పెరుగుతుంది. సైకిలు అనుకున్నదానికన్నా వేగం అందుకుంటుంది. గుండె ఝల్లుమంటుంది, వేళ్లు వాటంతటవే రెండు బ్రేకులూ బిగించేస్తాయి. ముందు చక్రం రాయికి తగిలి ఆగిపోతుంది. సీటు మీద నిటారుగా కూర్చున్న మనిషి బరువు అప్పటికే హ్యాండిల్ మీదికి వచ్చేసి ఉంటుంది. వెనక చక్రం లేస్తుంది, మనిషి హ్యాండిల్ మీదుగా తిరగబడి చేతులు చాపి నేలకు తగులుతాడు. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

తప్పించుకునే దారి వాలుకు ముందే ఉంది, వాలు మధ్యలో లేదు. పైన ఆగి, సైకిలు పక్కన పెట్టి, దిగబోయే ముక్కను నడిచి చూడండి. నడిచి దిగలేని చోట తొక్కుతూ దిగొద్దు. దిగేటప్పుడు సీటు మీంచి లేచి బరువు వెనక్కి తీయండి. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో, మోచేతులూ మోకాళ్లూ కాస్త వంచి ఉంచండి. వంపులోకి వెళ్లకముందే వేగం తగ్గించండి. ముందు బ్రేకు ఏ చేతికి ఉందో బయల్దేరకముందే చూసుకోండి. అద్దె సైకిలైనా, స్నేహితుడి సైకిలైనా అది మారి ఉండొచ్చు.

చిన్నదెబ్బ అనుకుని ఇంటికి పోయేవాళ్లకు

లేచి, మట్టి దులుపుకుని, నవ్వేసి మళ్లీ తొక్కేవాళ్లకే ఎక్కువ భయపడాలి. పైకి కనబడని దెబ్బలు మూడున్నాయి.

మొదటిది తల. హెల్మెట్ ఉన్నా లోపల మెదడు కుదుపుకు లోనవుతుంది. కాసేపు మామూలుగా మాట్లాడిన మనిషే కొన్ని గంటల తర్వాత కుప్పకూలవచ్చు. తలనొప్పి పెరగడం, వాంతులు, అడిగిందే అడగడం, మగత, ఒక కంటిపాప పెద్దదిగా కనబడటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్కానింగు ఉన్న ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే. ఆ రాత్రి అతన్ని గదిలో ఒంటరిగా పడుకోనివ్వద్దు. దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ పెట్టొద్దు. లోపలి థర్మోకోల్ ఒక్కసారి నలిగితే దాని పని అయిపోయినట్టే.

రెండోది పొట్ట. పడేటప్పుడు హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకుంటే చర్మం మీద రూపాయి బిళ్లంత మచ్చే కనబడుతుంది. లోపల ప్లీహమో కాలేయమో చిట్లి నెత్తురు కారుతూ ఉండొచ్చు. పిల్లల్లో ఇది మరీ ప్రమాదం. కడుపునొప్పి పెరుగుతున్నా, ముఖం పాలిపోతున్నా, చెమటలు పడుతున్నా మజ్జిగ తాగించి పడుకోబెట్టే పని పెట్టుకోకండి. గ్రిప్పు ఊడి గొట్టం అంచు బయటపడ్డ హ్యాండిల్‌తో ఎవరినీ కొండెక్కనివ్వకండి.

మూడోది మణికట్టు. చెయ్యి చాపి పడ్డప్పుడు బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముక విరగొచ్చు. మొదటి ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు కూడా. బెణికిందని పట్టు వేయించుకుని వదిలేస్తే ఎముక అతకకపోవచ్చు, చేతి పట్టు పోవచ్చు. బొటనవేలి మొదట్లో గుంట దగ్గర నొక్కితే నొప్పి ఉంటే, పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయించుకోవాలి. మట్టి పట్టిన గాయాన్ని పారే నీటితో బాగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను సంగతి డాక్టరును అడగండి.

ఇక మెడ, వెన్ను. పడ్డవాడు మెడ నొప్పి అన్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరి అన్నా లేపి కూర్చోబెట్టకండి. డోలీ దుప్పట్లో వెన్ను విల్లులా వంగిపోతుంది. వెన్ను దెబ్బకు అది మంచిది కాదు. దగ్గరి ఊళ్లో తలుపు చెక్కో బల్లో దొరుకుతుంది. తలను ఒకరు పట్టుకుని, ఒళ్లంతా ఒకేసారి పక్కకు దొర్లించి దాని మీద చేర్చి, కదలకుండా కట్టి మోయాలి. అన్నిటికన్నా ముందు 108కి ఫోను చేసి, వాళ్లు చెప్పినట్టు చెయ్యండి.

చప్పుడు చెయ్యని బండి

మోటారు బండి వస్తుంటే అడవి జంతువు పక్కకు తప్పుకుంటుంది. సైకిలుకు చప్పుడుండదు. మలుపు తిరిగేసరికి జంతువుకు ఎదురుగా ఉంటారు. 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి విడిపోయిన పార్వతీపురం మన్యంలో ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు కొన్నేళ్లుగా కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస ప్రాంతాల్లో తిరుగుతున్నాయి. మనుషులు ప్రాణాలు కోల్పోయారు. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్ల సంగతి పలాస, వజ్రపుకొత్తూరు వాళ్లను అడిగితే చెబుతారు. 2022 జూన్‌లో అక్కడ ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. తెల్లవారుజామున, సందెవేళ ఆ దారులు తొక్కొద్దు. మలుపు మలుపుకీ బెల్లు కొట్టండి. ఏనుగులు ఎటున్నాయో ముందురోజే అటవీ సిబ్బందిని అడగండి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరమని కూడా గుర్తుంచుకోండి.

గెడ్డలకు కొండవాన తెలుసు, మనకు తెలియదు. కింద ఎండ కాస్తుండగానే పైన కురిసిన వానకు గెడ్డ పొంగుతుంది. అడుగు కనబడని నీళ్లలో సైకిలు దించొద్దు, భుజాన వేసుకునీ దాటొద్దు. పైగా మన తిరుగుళ్ల కాలమూ తుపాన్ల కాలమూ ఒకటే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. పక్కనే ఉన్న ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ఊరివాళ్ల మీద పడ్డాయి. అల్పపీడనం అన్న మాట వినబడితే కొండ ప్రయాణం మానుకోవాలి, ఆ తర్వాత కూడా నేల ఆరేదాకా ఆగాలి.

ఎవరెవరు ఏం చెయ్యాలి

సైకిలు షాపుల వాళ్లు ఏ బండి దేనికి పనికొస్తుందో కొనేటప్పుడే నోరు విప్పి చెప్పాలి. ముందు చక్రం, హ్యాండిల్ బోల్టులు బిగించి, బ్రేకు నొక్కి చూపించి మరీ ఇవ్వాలి. కాలేజీలు విద్యార్థుల్ని జట్టుగా పంపేటప్పుడు ప్రథమ చికిత్స తెలిసినవాళ్లను వెంట పంపాలి.

అటవీ శాఖ, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) కలిసి నాలుగు దారులు ఎంచి, తొక్కదగ్గవి ఇవీ అని చెప్పాలి. మలుపుల దగ్గర నంబర్లతో బోర్డులు పెడితే పడ్డవాడు ఎక్కడున్నాడో 108కి ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆ దారి పొడుగునా ఉన్న గూడేల్లో ఒంగని గట్టి స్ట్రెచరు ఒకటి ఉంచాలి. సైకిలువాడికి ఎప్పుడో ఒకసారి పనికొస్తుంది. ఆ ఊరి గర్భిణికి, పాము కాటు తిన్న రైతుకు ముందే పనికొస్తుంది. డోలీ మోతలు పోవాలని పదేపదే చెప్పే ప్రభుత్వానికి ఇది పెద్ద ఖర్చు కాదు.

తొక్కేవాళ్లకు నాలుగు నియమాలు చాలు. ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్లండి. ఒకరు పడితే ఒకరు పక్కన ఉండాలి, ఒకరు సిగ్నలు దొరికేచోటికి పోవాలి. హెల్మెట్ గడ్డం కింద బిగించి పెట్టుకోండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికల్లా దిగొస్తారో, రాకపోతే ఎవరికి ఫోను చెయ్యాలో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టండి. జేబులో ఈల ఉంచుకోండి. నిమిషానికి ఆరుసార్లు, నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు ఊదడం కొండల్లో సాయం కోరే గుర్తు. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ టవరు అందితే 112కి ఫోను కలిసే అవకాశం ఉంది, అదీ ప్రయత్నించండి.

వేగానికి కొలత మీ ధైర్యం కాకూడదు. రోడ్డుకు ఎంత దూరంలో ఉన్నారో అదే కొలత కావాలి. దూరం పెరిగేకొద్దీ నెమ్మదించండి. పై నాలుగు నియమాల్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ రోజుకు తారురోడ్డు దాటకండి.