ఈ-ఇంక్ ఫోను: గుణదోష విచారణ

ఏ వస్తువునందైనను గుణములును దోషములును కలసియే యుండును. వానిని తన యవసరములతో సరిచూచుకొని కొనువాడు సుఖపడును. ఇతరుల పొగడ్తలను విని కొనువాడు పిదప చింతించును. ఇటీవల కొందరు తమ సాధారణ ఫోనును విడిచి, ఈ-ఇంక్ తెర గల ఫోనును వాడదలచుచున్నారు. కన్నులకు హాయి కలుగుననియు, వ్యర్థ కాలక్షేపము తగ్గుననియు వారి యాశ. ఆ యాశ యెంతవరకు నెరవేరునో విచారింపవలసియున్నది.

సాధారణమైన ఫోను తెర తనలోనుండి వెలుగును వెదజల్లును. ఈ-ఇంక్ తెర యట్లుగాక, కాగితమువలె తనపై బడిన వెలుగును తిరిగి పంపును. ఆ తెరలో మిక్కిలి సూక్ష్మములైన గుళికలు లెక్కకు మించి యుండును. ఒక్కొక్క గుళికలో తెల్లని రేణువులును నల్లని రేణువులును వేర్వేరు విద్యుదావేశములతో ద్రవమునందు తేలుచుండును. విద్యుత్ క్షేత్రమును ఒక దిశలో కల్పించినచో తెల్లనివి పైకి వచ్చును. దిశ మార్చినచో నల్లనివి వచ్చును. ఒకసారి యేర్పడిన అక్షరము విద్యుత్తు లేకున్నను చెరగక నిలుచును. అక్షరము మారునప్పుడే తెరకు విద్యుత్తు కావలెను. కావుననే యిట్టి ఫోనులు ఒకసారి ఛార్జి చేసినచో చాల కాలము పనిచేయును.

1990 తరువాతి దశకములో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఈ విద్య రూపుదిద్దుకొనినది. 1997లో ఈ-ఇంక్ సంస్థ స్థాపింపబడినది. 2004లో సోనీ సంస్థయు, 2007లో అమెజాన్ సంస్థయు ఈ తెరతో పుస్తకములు చదువు యంత్రములను అమ్మజూపినవి.

ఫోనునకు ఇట్టి తెరను అమర్చుట మన దేశమునకు క్రొత్త గాదు. 2006లో మోటరోలా సంస్థ మోటోఫోన్ ఎఫ్3 అను చౌక ఫోనును ఇచట విడుదల చేసినది. అది యెండలో చక్కగా కనబడెడిది. కాని దాని తెర స్థిరమైన గీతల కూర్పుతో కొలది అంకెలను, ఆంగ్లాక్షరములను మాత్రమే చూపగలిగెడిది. తెలుగులో వ్రాసిన సందేశమును దానిపై చదువుట కవకాశమే లేకుండెను. నేటి తెరలు అట్టివి కావు. వానిలోని చుక్కలు మిక్కిలి దట్టములగుటచే గుణింతములును, క్రింది వత్తులును అచ్చుపుస్తకమునందువలె స్పష్టముగా నుండును.

నేటి ఈ-ఇంక్ ఫోనులు రెండు తెగలు. 2019లో చైనాలో వెలువడిన హైసెన్స్ ఏ5 వంటివి ఆండ్రాయిడ్‌పై నడచుచు ఇంచుమించు అన్ని పనులను చేయును. కాని మెల్లగా చేయును. అదే యేట వచ్చిన లైట్ ఫోన్ 2 వంటివి మాటాడుటకును, సందేశములకును, మరికొన్ని చిన్న పనులకును పరిమితములు. ఈ రెండవ సంస్థయే 2025లో తెచ్చిన మూడవ ఫోనునందు ఈ-ఇంక్‌ను విడిచి ఓలెడ్ తెరను అమర్చి, కెమెరాను గూడ చేర్చినది. ఇది యోచింపదగిన విషయము.

ఎలమంచిలి నుండి విశాఖపట్నమునకు దినదినము రైలులో పోవు ఒక యుద్యోగిని ఊహించినచో ఈ ఫోను యోగ్యత తేటపడును. ఎలమంచిలి హౌరా–చెన్నై రైలుమార్గముపై తునికిని అనకాపల్లికిని నడుమ నున్న పట్టణము. వేసవి ఉదయమున ప్లాట్‌ఫారముపై ఎండ తీక్షణముగా నున్నప్పుడు సాధారణ ఫోనును చేతితో మరుగుపరచి చూడవలసియుండును. ఈ-ఇంక్ తెరకు ఆ యెండయే మేలు. రైలెక్కిన పిదప నవల చదువుకొనవచ్చును. వీడియోలు చూచుటకు తెర యనుకూలింపదు గావున మనస్సు పుస్తకముననే నిలుచును. రానుపోను సమయములో దినమునకు ఇరువది పుటలు చదివినను, నెలలో ఒక పెద్ద గ్రంథము ముగియును. ఇది స్వల్ప లాభము గాదు.

కాని ప్రయాణమనగా పఠనము మాత్రమే కాదు. నేడు టిక్కెట్టు కొనుట, టీ దుకాణములో క్యూఆర్ కోడును చూపి యూపీఐ ద్వారా డబ్బు చెల్లించుట, తెలియని వీధిలో దారి వెదకుకొనుట, ఇవన్నియు ఫోనుతోనే జరుగుచున్నవి. కెమెరా లేని ఫోను క్యూఆర్ కోడును చదువజాలదు. 2022లో ప్రవేశపెట్టిన యూపీఐ 123పే వలన సామాన్య ఫోనులనుండియు డబ్బు పంపవచ్చునుగాని, వెనుక వరుస పెరుగుచుండగా ఆ జాప్యమును సహించువారు తక్కువ. పటమును కదిలించినపుడు తెరపై పాత గీతల నీడలు మిగిలియుండును. రద్దీని తెలుపు ఎరుపును, దారి సుగమమని తెలుపు పచ్చయు ఒకే బూడిదరంగుగా కనబడును. ఆపదలో 112 సంఖ్యకును, రైలు ఇక్కట్లకు 139 సంఖ్యకును పిలుచుటకు మాత్రము ఏ ఫోనైనను చాలును.

ఇక వ్యసనము మాట. తెర మందగించినంతనే మనస్సు నిగ్రహింపబడునని నమ్మరాదు. నిగ్రహము లేనివాడు ప్రక్కవాని ఫోనులోనికి తొంగిచూచును. నిగ్రహింపదలచినవానికి మాత్రము ఈ ఫోను తోడ్పడును. ఇంతేగాక, తెర పగిలినచో చిన్న పట్టణముల మరమ్మతు దుకాణములలో దీనికి మారుతెర దొరకుట యరుదు.

కావున కొనదలచినవారు ముందు ఒక వారముపాటు తాము ఫోనును ఏయే పనులకు తీసిరో ఒక కాగితముపై వ్రాసికొనవలెను. పిదప, ఉన్న ఫోనుననే రంగులను తొలగించి నలుపుతెలుపులలో చూపు సదుపాయము కలదు గావున, దానిని ఒక నెల వాడి చూడవలెను. ఇందుకు దమ్మిడీ ఖర్చు లేదు. నెల ముగియుసరికి మనస్సునకు శాంతి కలిగి, పనులు కుంటువడకున్నచో ఈ-ఇంక్ ఫోను కొనవచ్చును. ఇంటిపట్టున నుండి చదువుకొనువారికిని, జేబులో కొంత చిల్లర యుంచుకొని కిటికీ వద్ద టిక్కెట్టు కొనుటకు విసుగుచెందని వారికిని అది తగినదే. దినదినము దూరప్రయాణము చేయుచు, ఒక్క ఫోనుతోనే యన్ని పనులు నెరవేర్చుకొనువారికి మాత్రము అది చాలదు.

కొనువాని దినచర్యకు సరిపడు ఫోనే మంచి ఫోను. ఆ దినచర్య యెట్టిదో తేల్చుకొనవలసినది కొనువాడే గాని అమ్మువాడు గాడు.