ఆ ఒక్క ఓటు గొడవ ఇక చాలు

సంపాదకులకు,

బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌పై గత సంచికలోని వ్యాసం చదివాను. 2025లో ఇచిరో సుజుకికి 394 ఓట్లలో 393 వచ్చాయి. వేయని ఆ ఒక్కరెవరో తేలాల్సిందేనని వ్యాసకర్త పట్టు. తేలితే ఒరిగేదేమిటి? ఎన్నికవడానికి కావలసింది 75 శాతమే. 2020లో డెరెక్ జీటర్‌కూ ఒక్క ఓటే తగ్గింది; కూపర్స్‌టౌన్‌లో ఉన్న ఆ హాల్‌లో అతని ఫలకమేమీ చిన్నదైపోలేదు.

బారీ బాండ్స్‌ను ఎన్నుకోవాలా వద్దా అని కూడా 762 హోమ్ రన్లు ఒకవైపు, స్టెరాయిడ్ల ఆరోపణలు మరోవైపు పెట్టి పదేళ్లు తూచారు. ఏటా ఫలితాలొచ్చే జనవరి వస్తే చాలు, పాడిందే పాట.

ఈ గొడవకిచ్చే పేజీల్లో సగమైనా ఆటకివ్వండి. 2004లో ఇచిరో 262 హిట్లు కొట్టాడు. బంతి నేలమీద దొర్లుతుంటే, ఫీల్డర్ వంగి తీసి విసిరేలోపే ఫస్ట్ బేస్ దాటేసేవాడు. ఆ పరుగు గురించి ఎంత రాసినా చదువుతాం.

— ఒక పాఠకుడు, న్యూజెర్సీ