తొక్కుడు బిళ్ళ ఆడిన పిల్ల

ఎండాకాలం వచ్చిందంటే మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మగపిల్లలు నడుముకు డబ్బా కట్టుకుని బావుల్లో దుంకుతారు. ఆడపిల్లలు ఒడ్డున నిలబడి చూస్తారు. ఆ దుంకడాన్నే చదువులా నేర్చుకుని ప్రపంచాన్ని గెలిచిన ఒక పల్లెటూరి పిల్ల గురించి ఈ వారం చెబుతాను. పేరు క్వాన్ హాంగ్‌చాన్.

చైనా దక్షిణాన ఝాన్‌జియాంగ్ దగ్గర పల్లె వాళ్లది. తండ్రి నారింజ రైతు. ఐదుగురు పిల్లలు. 2014లో, ఏడేళ్లప్పుడు, బడిలో తొక్కుడు బిళ్ళ ఆడుతుంటే ఒక డైవింగ్ శిక్షకుడు చూశాడు. గెంతడంలోని ఒడుపు చూసి తన దగ్గర చేర్చుకున్నాడు.

డైవింగ్ అంటే ఊరికే దుంకడం కాదండీ. పది మీటర్ల ఎత్తు, అంటే మూడంతస్తుల మేడంత. గాల్లో ఉండేది రెండు సెకన్లు కూడా కాదు, ఆలోపే మూడున్నర పల్టీలు కొట్టాలి. నీళ్లను తాకేసరికి వేగం గంటకు 50 కిలోమీటర్లు. అయినా నీళ్లు చిమ్మకూడదు! కాగిన నూనెలోకి గారెను అంచునుంచి ఎలా జారవిడుస్తామో, అంత మెత్తగా దిగాలి. మార్కులు వేసేవాళ్లు ఏడుగురు. ఎక్కువ వేసిన రెండూ, తక్కువ వేసిన రెండూ తీసేసి, మిగిలిన మూడింటినే కూడి, ఆ దుముకు ఎంత కష్టమైనదో దాన్నిబట్టి హెచ్చిస్తారు.

2021 ఆగస్టు 5న టోక్యో ఒలింపిక్స్‌లో, 14 ఏళ్లకే, ఐదు దుముకుల్లో రెండింటికి ఏడుగురి చేతా పదికి పది వేయించుకుంది. మొత్తం 466.20. బంగారు పతకం! అమ్మకు ఒంట్లో బాగోలేదు, వైద్యానికి డబ్బు సంపాదించాలని ఉందని చెప్పింది. ఆ తర్వాత జనం ఇల్లూ డబ్బూ ఇస్తామని వస్తే తండ్రి వద్దన్నాడట.

అసలు కష్టం ఆ తర్వాతే. పిల్ల ఎదిగింది. పొడుగు, బరువు పెరిగితే అదే పల్టీ అదే వేగంతో రాదు, ఒళ్లంతా కొత్తగా నేర్చుకోవాలి. 2022లోనూ, 2023లోనూ ప్రపంచ పోటీల్లో చెన్ యూషీ చేతిలో ఓడి వెండితో సరిపెట్టుకుంది. చిత్రమేమంటే జంట పోటీలో ఆ చెన్ యూషీయే ఈమెకు జోడీ! తోటికోడళ్లు ఒకే పొయ్యి మీద వండినట్టు. 2024లో పారిస్‌లో జంటగానూ, విడిగానూ మళ్ళీ బంగారమే.

ఆ ఎదిగే వయసులోనే కదా మనం పెద్దమనిషైందని ఆటలు మాన్పిస్తాం? ఆ నాలుగు రోజులూ మాన్పించినా, ఐదో రోజు పంపితే ఏం పోతుంది? నేను అడ్డూ అదుపూ లేని బావుల్లోకి పంపమనను, అడుగున రాళ్లుంటాయి. పట్నంలో ఈతకొలను ఉంటే, నేర్పేవాళ్ళుంటే, మొదట ఈత నేర్పించండి. ఎండకు నల్లబడుతుందని అత్తగారు అంటే, శెనగపిండి, పసుపు ఇంట్లోనే ఉన్నాయి, నలుగు పెడదాం.