తాకట్టు సరుకు ఎవరి గోదాములో వున్నది?

సరుకుపై అప్పు ఇచ్చే వర్తకుడు ముందుగా చూసేది వడ్డీ రేటును కాదు, గోదామును. సరుకు వున్నదా, ఎంత వున్నది, తాళంచెవి ఎవరి చేతిలో వున్నది, ఈ మూడూ తేలిన తర్వాతనే వడ్డీ మాట. మిరప, పసుపు, ప్రత్తి వ్యాపారాల్లో తలలు పండిన వారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే బిట్‌కాయిన్, ఈథర్ వంటి క్రిప్టో నాణేలను తాకట్టు పెట్టుకొని అప్పులిచ్చే వ్యాపారం గత కొద్ది సంవత్సరాల్లో ప్రపంచమంతటా పెరిగిన తీరు చూస్తే, ఈ పాత సూత్రాన్ని చాలామంది మరచినట్టే కనబడుతున్నది. సీజను లేని నెలల్లో ఖాళీగా వుండే సొమ్మును ఇందులో పెడితే ఎట్లా వుంటుందని ఆలోచించే వారు మన వర్తకుల్లోనూ వుండవచ్చును. ఇందులో దిగేముందు ఈ వ్యాపారపు ఆనుపానులు తెలుసుకొనుట అవసరం.

అప్పు నడిచే తీరు

క్రిప్టో నాణేలు వున్న వ్యక్తికి రొక్కం అవసరమవుతుంది. ధర ఇంకా పెరుగుతుందన్న ఆశతోనో, అమ్మితే పన్ను పడుతుందన్న భయంతోనో నాణేలను అమ్మడానికి మనసొప్పదు. అప్పుడు వాటిని తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటాడు. అప్పిచ్చేది బ్యాంకు కాదు, తనవంటి మరొక వ్యక్తి. వ్యక్తి నుంచి వ్యక్తికి అప్పు అనే పేరు అందుకే వచ్చింది. సాధారణంగా అప్పు చేతికి వచ్చేది డాలరుతో ముడిపెట్టిన టోకెన్ల రూపంలో.

పూర్తిగా యంత్రంపై నడిచే పద్ధతిలో అప్పు తీసుకునేవాని పేరుగాని, వూరుగాని, లెక్కల పుస్తకాలుగాని ఎవరూ అడగరు. భరోసా అంతా తాకట్టుపైనే. కనుక తాకట్టు విలువ అప్పుకంటే చాలా ఎక్కువగా వుండి తీరాలి. ఉదాహరణకు ఒకరు 10 లక్షల రూపాయల విలువగల నాణేలు పెట్టి 5 లక్షలు తీసుకున్నారనుకుందాం. తాకట్టు విలువలో అప్పు 80 శాతానికి చేరితే అమ్మకం అని ఒప్పందం. నాణేల విలువ 6 లక్షల 25 వేలకు పడిపోయిన క్షణంలో ఆ గీత తగులుతుంది. అప్పు తీరేందుకు 5 లక్షలు, అందుపై 5 శాతం జరిమానా 25 వేలు, మొత్తం 5 లక్షల 25 వేలకు సరిపడే నాణేలు అమ్ముడుపోతాయి. వడ్డీ సంగతి పక్కన పెట్టినా, అప్పు తీసుకున్న వానికి మిగిలేవి లక్ష రూపాయల నాణేలు, చేతిలోని 5 లక్షలు. 10 లక్షల ఆస్తి 6 లక్షలయింది. మరుసటి వారం ధర తిరిగి పుంజుకున్నా పోయిన నాణేలు తిరిగి రావు.

వాయిదా వ్యాపారంలో మార్జిను ఎరిగిన వారికి ఇది అర్థం కావడం కష్టం కాదు. తేడా ఒక్కటే. మన మార్కెట్లకు సాయంత్రం గంట కొడతారు, ఆదివారం సెలవు వుంటుంది. క్రిప్టో మార్కెట్‌కు సెలవు లేదు. దీపావళి నాటి అర్ధరాత్రి కూడా ధర పడవచ్చు, ఇంటిల్లిపాదీ నిద్రలో వుండగానే తాకట్టు అమ్ముడుపోవచ్చు.

జత కుదరని వ్యాపారం

ఈ పద్ధతిని తొలిరోజుల్లో ఆచరణలో పెట్టినవారిలో స్టానీ కులెచోవ్ ఒకరు. హెల్సింకీలో న్యాయశాస్త్ర విద్యార్థిగా వున్న ఆయన 2017లో ఈత్‌లెండ్ అనే సంస్థను ప్రారంభించారు. అప్పు కావలసినవాడు తన షరతులు ప్రకటిస్తాడు, నచ్చినవాడు అప్పు ఇస్తాడు, తాకట్టు మాత్రం ఇద్దరి చేతిలోనూ కాకుండా కంప్యూటరు ఒప్పందంలో బంధింపబడి వుంటుంది. ఆలోచన మంచిదే. కాని మొత్తం, వడ్డీ, గడువు మూడూ కుదిరే జత దొరకడం కష్టమయింది. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురుపడని యార్డులో బేరాలు ఎట్లా మందగిస్తాయో ఇక్కడా అదే జరిగింది.

ఆ సంస్థే ఆవే అన్న పేరుతో 2020 జనవరిలో పద్ధతి మార్చింది. అప్పిచ్చేవారి సొమ్మంతా ఒక ఉమ్మడి రాశిగా పోస్తారు. కావలసినవారు తాకట్టు పెట్టి అందులోంచి తీసుకుంటారు. రాశిలో సొమ్ము తగ్గేకొద్దీ వడ్డీ పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. కనుక వ్యక్తి నుంచి వ్యక్తికి అన్న పేరు మిగిలినా, ఈ తరహా వ్యాపారంలో పెద్ద భాగం నేడు ఉమ్మడి రాశులదే. ఎవరి సొమ్ము ఎవరికి పోయిందో అప్పిచ్చినవానికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు, తాకట్టు గట్టిగా వున్నంతవరకు.

నోటీసు లేని అమ్మకం

బి.కాం. చదివిన ప్రతివారూ 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 176వ సెక్షను చదివే వుంటారు. అప్పు తీరనప్పుడు తాకట్టు సరుకును అమ్ముకొనే హక్కు అప్పిచ్చిన వానికి వుంది, కాని సముచితమైన నోటీసు ఇచ్చి అమ్మాలి. ఆ నోటీసు కాలంలోనే బంధువులను అడిగో, మరో బేరం తెగనమ్మో సరుకు విడిపించుకున్న వర్తకులు ఎందరో వున్నారు. యంత్రానికి ఈ సెక్షను తెలియదు. గీత తగిలిందా, అమ్మకమే.

అప్పిచ్చిన వానికి ఇది పూర్తి రక్షణ అనుకుంటే పొరపాటు. 2020 మార్చి 12న కరోనా భయంతో ప్రపంచ మార్కెట్లన్నీ కుప్పకూలిన రోజున ఈథర్ ధర ఒక్క రోజులో 40 శాతానికి పైగా పడిపోయింది. మేకర్ అనే వ్యవస్థలో అప్పట్లో 100 డాలర్ల అప్పుకు కనీసం 150 డాలర్ల ఈథర్ తాకట్టు వుండాలన్న నిబంధన వుండేది. ఆ రోజు వేలకొలదిగా తాకట్టులు వేలానికి వచ్చాయి. లావాదేవీల రద్దీతో రుసుములు విపరీతంగా పెరిగి, పాటదారుల యంత్రాలు చాలావరకు నిలిచిపోయాయి. పోటీ లేని సమయం చూసి కొందరు సున్నా ధరకు పాట పెట్టి తాకట్టును ఎగరేసుకుపోయారు. ఆ విధంగా 80 లక్షల డాలర్లకు పైగా విలువగల ఈథర్ ఉచితంగా పోయింది. వ్యవస్థకు వచ్చిన లోటును పూడ్చడానికి కొత్త టోకెన్లు ముద్రించి అమ్మవలసి వచ్చింది.

కొనేవాడు లేని రోజున ఏ సరుకుకైనా ధర వుండదు. గోదాము నిండుగా వున్నా యార్డులో పాట పాడేవారు లేకపోతే తాకట్టు కాగితానికి విలువ లేదు. యంత్రం ఎంత వేగంగా అమ్మినా ఈ సత్యం మారదు.

తాళం ఎవరి చేతిలో వుంటే

ఇంతకంటే పెద్ద పాఠం 2022లో వచ్చింది. యంత్రంతో సంబంధం లేకుండా, ఆఫీసులు, డైరెక్టర్లు, ప్రకటనలు వున్న కంపెనీలు కూడా ఈ వ్యాపారంలో దిగాయి. అమెరికాలోని సెల్సియస్ అందులో పెద్దది. నాణేలు తనవద్ద వుంచితే 17 శాతం వరకు వడ్డీ ఇస్తామని ప్రచారం చేసింది. జమ అయిన నాణేలను అది తాళం వేసి వుంచలేదు. ఇతరులకు అప్పులిచ్చింది, మరోచోట తాకట్టు పెట్టి తాను అప్పులు తెచ్చింది.

2021 నవంబరులో 69 వేల డాలర్ల వరకు పోయిన బిట్‌కాయిన్ ధర 2022లో పడుతూ రాగా, జూన్ 12న సెల్సియస్ ఖాతాదారులకు చెల్లింపులు నిలిపివేసింది. జూలై 13న దివాలా పిటిషను వేసింది. ఈ రెండు తేదీల మధ్య జరిగిన సంగతిని వర్తకులు ప్రత్యేకంగా గమనించాలి. ఖాతాదారులకు ఒక్క డాలరు ఇవ్వని ఆ కంపెనీ, జూలై 7న మేకర్ యంత్రానికి తానున్న బాకీని ఆఖరు డాలరు వరకు తీర్చింది. ఎందుకంటే సుమారు 22 వేల బిట్‌కాయిన్లకు సమానమైన టోకెన్లు అక్కడ తాకట్టులో వున్నాయి. బాకీ తీర్చనిదే అవి విడుదల కావు. తాళం తన చేతిలో వున్న రుణదాతకు సొమ్ము అందింది, నమ్మి ఇచ్చినవారు వాకిట నిలబడ్డారు.

ఆ తర్వాత వచ్చిన కోర్టు తీర్పు మరీ గట్టిది. వడ్డీ ఖాతాల్లో జమ అయిన నాణేలు ఖాతాదారులవి కావనీ, షరతుల ప్రకారం యాజమాన్యపు హక్కు కంపెనీకే సంక్రమించిందనీ 2023 జనవరిలో న్యూయార్క్ దివాలా కోర్టు నిర్ణయించింది. సుమారు 6 లక్షల ఖాతాలు, 420 కోట్ల డాలర్ల సొత్తు. ఎవరూ చదవకుండా ఒప్పుకున్న షరతుల్లో ఆ ఒక్క వాక్యం వుంది. కంపెనీ అధిపతి అలెక్స్ మాషిన్‌స్కీకి మోసం నేరంపై 2025 మేలో 12 సంవత్సరాల జైలు శిక్ష పడింది. అదే వరుసలో బ్లాక్‌ఫై 2022 నవంబరులోను, జెనెసిస్ 2023 జనవరిలోను దివాలా తీశాయి.

ఇది క్రిప్టోకే పట్టిన తెగులు కాదు. 2013 జూలై 31న ముంబైలోని నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజిలో వ్యాపారం నిలిచిపోయినప్పుడు సుమారు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు ఆగిపోయిన సంగతి సరుకు వర్తకులెవరూ మరువలేదు. గోదాము రసీదులు వున్నాయి, గోదాముల్లో సరుకు లేదు. కోల్డు స్టోరేజీ బాండు చేతిలో పెట్టుకుని టిక్కీలు లెక్కపెట్టని వానికి వచ్చే నష్టం, సెల్సియస్‌లో నాణేలు పెట్టిన వానికి వచ్చిన నష్టం ఒకే జాతివి.

మన దేశంలో పరిస్థితి

వ్యక్తుల మధ్య అప్పులు కుదిర్చే సంస్థలకు రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరు 4న నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం రిజిస్టరు అయిన సంస్థల ద్వారా తాకట్టు లేని అప్పులు మాత్రమే ఇవ్వాలి. ఒక వ్యక్తి అన్ని సంస్థల ద్వారా కలిపి ఇవ్వగలిగేది 50 లక్షలు, ఒక్కొక్క బాకీదారునికి 50 వేలు మించరాదు. కనుక అటువంటి సంస్థ పేరు చెప్పి బిట్‌కాయిన్ తాకట్టుపై అప్పు అని ఎవరైనా వస్తే, అది నిబంధనలకు వెలుపలి వ్యవహారమని గుర్తించాలి.

పన్ను సంగతి కూడా చూడాలి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను వున్నది. నష్టాన్ని ఇతర ఆదాయంలో తగ్గించుకొనే వీలు లేదు. తాకట్టు బలవంతంగా అమ్ముడుపోయినా అమ్మకం అమ్మకమే. పై ఉదాహరణలోని వ్యక్తి ఆ నాణేలను మొదట 3 లక్షలకు కొన్నాడనుకుంటే, అమ్ముడుపోయిన వాటా అసలు 2 లక్షల 52 వేలు, లాభం 2 లక్షల 73 వేలు, పన్ను సెస్సు గాక దాదాపు 82 వేలు. సొమ్ము అప్పిచ్చినవానికి పోతుంది, పన్ను నోటీసు మాత్రం తనకు వస్తుంది.

ఇదే సమయంలో బంగారం తాకట్టు విషయంలో రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ప్రకటించిన నిబంధనలు చూడండి. తాకట్టు పెట్టుకున్న నగలను అప్పిచ్చిన సంస్థ తిరిగి మరోచోట తాకట్టు పెట్టి అప్పు తేరాదు. బాకీ తీరిన 7 పనిదినాల్లో నగలు తిరిగి ఇవ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల పరిహారం చెల్లించాలి. తులం బంగారం పెట్టిన రైతుకు ఇంత రక్షణ వుండగా, లక్షల విలువగల క్రిప్టో పెట్టిన వర్తకునికి ఏ రక్షణా లేదు. పన్ను వసూలుకు పనికివచ్చిన సరుకు తాకట్టు రక్షణకు పనికిరాదనడం న్యాయం కాదు. తిరుగు తాకట్టు నిషేధం, అమ్మకానికి ముందు నోటీసు, సరుకును విడిగా వుంచే ఏర్పాటు, ఈ మూడింటిని క్రిప్టో తాకట్టులకు కూడా వర్తింపజేయాలి. అట్లా కాదంటే ఈ వ్యాపారం కూడదని స్పష్టంగా ప్రకటించాలి. మౌనం వల్ల లాభపడేది మోసగాళ్ళే.

వర్తకులు చేయవలసినది

చట్టం వచ్చేవరకు ఎవరి జాగ్రత్త వారిది. అప్పు ఇవ్వదలచినవారు మూడు ప్రశ్నలు వేయాలి. తాకట్టు ఎక్కడ వుంటుంది? దాన్ని మరొకచోట తాకట్టు పెట్టే హక్కు ఎవరికైనా వున్నదా? పాట పాడేవారు లేని రోజున లోటు ఎవరు భరిస్తారు? వీటికి కాగితంపై సమాధానం ఇవ్వని వానికి ఎంత వడ్డీ ఆశచూపినా సొమ్ము ఇవ్వరాదు. అప్పు తీసుకోదలచినవారు సగం ధరకు పడిపోయినా తట్టుకొనేంత తక్కువ తీసుకోవాలి, లేదా నాణేలు అమ్ముకొని సుఖంగా నిద్రపోవాలి.

రైతుకు చెల్లించవలసిన సొమ్మును, సీజనుకు ఉంచుకున్న పెట్టుబడిని ఈ వ్యాపారంలో ఎంతమాత్రం పెట్టరాదు. యార్డులో కాటా అయిన సరుకుకు డబ్బు చెల్లించవలసిన రోజున నాణెం ధర పుంజుకొనే దాకా రైతు ఆగడు. ఒక్క సీజనులో పోయిన పరపతి పది సీజన్లకు గాని తిరిగి రాదు.