చక్కెర పండించిన దీవులకే షుగర్ జబ్బు.. కరీబియన్ పోరాటం ఎక్కడ ఆగింది?

వెస్టిండీస్ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది క్రికెట్. సిక్సర్లు కొట్టే ఆ బలమైన ఆటగాళ్ల వెనకున్న దీవుల పరిస్థితి మాత్రం వేరు. అమెరికా ఖండాల్లో దీర్ఘకాలిక జబ్బుల మరణాల రేటు కరీబియన్‌లోనే ఎక్కువ. గుండె జబ్బులు, బీపీ, షుగర్, క్యాన్సర్.. అక్కడ ప్రాణాలు తీస్తున్నది ఇవే. షుగర్ ముదిరి కాళ్లు తీసేయాల్సి వచ్చే కేసులు బార్బడోస్‌లో ఎంత ఎక్కువంటే, ఆ దేశానికి 'కాళ్లు తీసేసే రాజధాని' అనే చెడ్డపేరు కూడా వచ్చింది. ప్రతి ముగ్గురు పిల్లల్లో దాదాపు ఒకరు ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు.

మరి ఈ ముప్పును ముందే గుర్తించలేదా? గుర్తించారు. నిజానికి ప్రపంచంలో అందరికంటే ముందు గుర్తించింది వాళ్లే.

2007లోనే ప్రధానుల భేటీ

2007 సెప్టెంబరులో ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కరీబియన్ దేశాల కూటమి కారికామ్ అధినేతలు సమావేశమయ్యారు. ఎజెండాలో ఉన్నది ఒక్కటే అంశం.. దీర్ఘకాలిక జబ్బులు. దేశాధినేతలు కేవలం ఈ జబ్బుల కోసమే కూర్చోవడం ప్రపంచంలో అదే తొలిసారి. పొగాకుపై పన్నులు, స్కూళ్లలో మంచి తిండి, వ్యాయామం, ఫుడ్ ప్యాకెట్లపై పోషకాల వివరాలు.. ఇలా చాలా హామీలతో ఓ డిక్లరేషన్‌పై సంతకాలు చేశారు.

అక్కడితో ఆగలేదు. ఐక్యరాజ్య సమితిలో కూడా గట్టిగా పట్టుబట్టారు. ఫలితంగా 2011 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఈ జబ్బులపై ఉన్నత స్థాయి సమావేశం జరిగింది. దీని వెనక బార్బడోస్‌లో పుట్టిన డాక్టర్ జార్జ్ అలెయిన్ కృషి ఎంతో ఉంది. ఆయన గతంలో పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్‌కు డైరెక్టర్‌గా పనిచేశారు.

ఎవరి పని ఏంటి?

ఇక్కడ రెండు సంస్థల గురించి తెలుసుకోవాలి. మొదటిది కార్ఫా, అంటే కరీబియన్ పబ్లిక్ హెల్త్ ఏజెన్సీ. అంతకుముందు ఆ ప్రాంతంలో పనిచేసిన ఐదు ఆరోగ్య సంస్థలను కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. 2013లో పని మొదలుపెట్టింది. జబ్బుల లెక్కలు, ల్యాబ్ పరీక్షలు, ప్రభుత్వాలకు సలహాలు.. ఇవన్నీ దీని బాధ్యత. చిన్న చిన్న దీవులు ఒక్కొక్కటిగా ఇంత వ్యవస్థను నడపలేవు కాబట్టి అందరికీ కలిపి ఒకటి పెట్టుకున్నారు.

రెండోది హెల్దీ కరీబియన్ కోయలిషన్. ఇది ప్రభుత్వ సంస్థ కాదు. గుండె, షుగర్, క్యాన్సర్ రోగుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల కూటమి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ సంతకాల తర్వాతి ఏడాది, 2008లో పుట్టింది. గుండె వైద్యుడు ట్రెవర్ హాసెల్ దీనికి వ్యవస్థాపక అధ్యక్షుడు. సింపుల్‌గా చెప్పాలంటే, నాయకులు ఇచ్చిన మాటను వాళ్లకు పదే పదే గుర్తుచేయడమే దీని పని.

పన్ను వేశారు.. పనిచేసిందా?

బార్బడోస్ 2015లో చక్కెర కలిపిన కూల్ డ్రింక్స్‌పై 10 శాతం పన్ను వేసింది. అదే ఏడాది డొమినికా కూడా ఇదే బాట పట్టింది. పరిశోధకులు బార్బడోస్‌లో షాపుల అమ్మకాలను పరిశీలిస్తే, తియ్యటి డ్రింక్స్ అమ్మకాలు 4.3 శాతం తగ్గాయి. బాటిల్ వాటర్ అమ్మకాలు 7.5 శాతం పెరిగాయి.

అయితే ఇందులో ఓ చిక్కుంది. పన్ను చక్కెర మీద కాదు, ధర మీద వేశారు. అంటే చవక డ్రింక్‌పై పడే పన్ను కూడా తక్కువే. దీంతో కొంతమంది తియ్యటి డ్రింక్ మానేయకుండా చవక రకానికి మారిన సూచనలు కనిపించాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం పన్నును 20 శాతానికి పెంచింది. ఎత్తు సరే, లెక్క కట్టే పద్ధతి మాత్రం అదే.

జమైకా వేరే దారి చూసుకుంది. 2019 నుంచి స్కూళ్లలో అమ్మే డ్రింక్స్‌లో చక్కెరకు పరిమితి పెట్టింది. ట్రినిడాడ్ అంతకంటే ముందే, 2017లో స్కూళ్లలో తియ్యటి డ్రింక్స్ ఆపేసింది.

లేబుల్ దగ్గరే అసలు పేచీ

చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ ముందు భాగంలో నల్లటి ఎనిమిది మూలల గుర్తు వేయాలన్నది ఆరోగ్య సంస్థల డిమాండ్. చిలీ 2016 నుంచే దీన్ని అమలు చేస్తోంది. చదువు రాని వాళ్లకు కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది. కరీబియన్‌లో మాత్రం ఏళ్ల తరబడి చర్చలు జరిగినా, ప్రాంతం మొత్తానికి ఒకే ప్రమాణంపై ఏకాభిప్రాయం రావడం కష్టంగా మారింది.

ఎందుకు? పన్ను వేయాలంటే ఒక దేశ ఆర్థిక మంత్రి నిర్ణయం తీసుకుంటే చాలు. ఖజానాకు డబ్బు కూడా వస్తుంది. లేబుల్ అలా కాదు. కారికామ్‌లో సరుకులు ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్తాయి కాబట్టి ప్రమాణం ఒకటే ఉండాలి. అంటే చాలా దేశాలు ఒకేసారి ఒప్పుకోవాలి. సొంతంగా ఆహార పరిశ్రమలున్న దేశాలకు తమ ఎగుమతులు దెబ్బతింటాయన్న భయం ఉంది. కంపెనీల అభ్యంతరాలు ఎలాగూ ఉన్నాయి. పైగా లేబుల్‌తో ఖజానాకు పైసా రాదు. ఒక దేశం చేతిలో ఉన్న పని కదిలింది. అందరూ కలిసి చేయాల్సింది ఆగింది.

దిగుమతులు మరో తలనొప్పి. ఈ దీవులు తినేదాంట్లో చాలా భాగం బయటి నుంచి ఓడల్లో వస్తుంది. ఎక్కువ రోజులు నిల్వ ఉండే ప్యాకెట్ తిండి చవక, తాజా కూరగాయలు ఖరీదు. అందుకే ఆహార దిగుమతుల బిల్లును 25 శాతం తగ్గించాలని కారికామ్ లక్ష్యం పెట్టుకుంది. 2025 అన్న గడువు ఇప్పుడు 2030కి జరిగింది.

తుపాన్లు ఇంకో దెబ్బ. 2017లో మరియా తుపాను డొమినికాను అతలాకుతలం చేసింది. అలాంటప్పుడు కరెంటు పోతే ఇన్సులిన్‌ను చల్లగా ఉంచేదెలా? 2023 జూన్‌లో చిన్న దీవుల దేశాల ఆరోగ్య మంత్రులు బ్రిడ్జ్‌టౌన్‌లో చేసిన ప్రకటన అందుకే వాతావరణ మార్పును, ఈ జబ్బులను కలిపి చూడాలంది.

మనకూ ఓ బంధం

ఈ దీవుల్లో మన వాళ్ల రక్తం కూడా ఉంది. 1838 నుంచి 1917 వరకు భారత్ నుంచి లక్షల మందిని చెరకు తోటల కూలీలుగా కరీబియన్‌కు తీసుకెళ్లారు. ఎక్కువ మంది కలకత్తా రేవు నుంచి వెళ్లినా, మద్రాసు నుంచి ఓడ ఎక్కిన వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. నేడు గయానా జనాభాలో దాదాపు 40 శాతం, ట్రినిడాడ్‌లో మూడో వంతుకు పైగా భారత మూలాలున్న వాళ్లే. దక్షిణాసియా వాళ్లకు షుగర్ ముప్పు ఎక్కువన్నది డాక్టర్లు చెప్తూనే ఉన్నారు. తాతలు చక్కెర కోసం చెమటోడ్చిన నేలపై ఇప్పుడు మనవళ్లు షుగర్ మాత్రలు వేసుకుంటున్నారు.

ఇప్పుడేం చూడాలి?

మూడు విషయాలు కీలకం. ఒకటి, ప్యాకెట్ ముందు గుర్తుపై కారికామ్ దేశాలు ఒక మాట మీదకు వస్తాయా? రెండు, డ్రింక్స్‌పై పన్నును ధర మీద కాకుండా చక్కెర మోతాదు మీద వేస్తారా? మూడు, ఆ పన్ను డబ్బు షుగర్ రోగుల వైద్యానికి చేరుతుందా? 2007లో సంతకాలు చేసినప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలకు ఇప్పుడు ఓటు హక్కు కూడా వచ్చేసింది. ప్యాకెట్‌లో ఏముందో ఒక్క చూపులో చెప్పే గుర్తు కోసం వాళ్లు ఇంకా ఎదురుచూడాల్సి వస్తోంది.