మద్దెల ఓడేనా?

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత మన పెద్దలు ఊరికే అనలేదు. ఈనాడు మన ఇళ్లల్లో మద్దెల స్థానంలో వైరు లేని స్పీకరు వచ్చి కూర్చుంది. నిన్నటిదాకా ఖంగున మోగిన పెట్టె ఒక పూట హఠాత్తుగా డబ్బాలోంచి పాడినట్టు బొంగురుపోతుంది. వెంటనే ఇంట్లో తీర్పు అయిపోతుంది: "పెట్టె పాడైంది, కొత్తది కొనాల్సిందే!" బజారుకు తీసుకెళితే తరచుగా అక్కడా అదే తీర్పు. మిత్రులారా! సైన్సు చదివే మనం ఉన్న ఇళ్లల్లో కూడా విచారణ లేకుండానే శిక్ష పడటం న్యాయమేనా?

నేను రైతుబిడ్డను. దివిసీమ శివారు భూములకు నీరు అందకపోతే మా పెద్దవాళ్లు "చేను పాడైంది" అనరు. కాలవ గట్టు పట్టుకుని ఎగువకు నడుస్తారు. బోదె చూస్తారు, తూము చూస్తారు, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందో చూస్తారు. సగం దూరం పోయాక అక్కడ నీరు నిండుగా ఉంటే లోపం దిగువన ఉన్నట్టే. అక్కడా లేకపోతే ఇంకా ఎగువన, లాకుల దగ్గరో, ప్రకాశం బ్యారేజీ దగ్గరో వెతకాలి. శబ్దానికీ ఇలాంటి కాలవే ఉంది. పాట, సెల్‌ఫోను, గాలిలో రేడియో తరంగం, స్పీకరు పెట్టె, చివరకు గది. ఇదీ దాని దారి.

ముందు ఫోనులో దాచుకున్న వేరే పాట పెట్టాలి. ఒక్క పాటే బాగోకపోతే లోపం ఆ రికార్డుది. తర్వాత ఇంకొకరి ఫోను కలపాలి. దాంతో బాగా పలికితే పెట్టె నిర్దోషి! మన ఫోనులో బాసు, ట్రెబులు ఎవరైనా కదిపి ఉండొచ్చు. లేదా మైకు వాడే యాప్ ఏదో తెరిచి ఉండొచ్చు. అప్పుడు బ్లూటూత్ సంగీతం దారి వదిలి ఫోను మాటల దారిలోకి మారుతుంది. స్టీరియో పోయి సన్నని టెలిఫోను గొంతు మిగులుతుంది. ఆ యాప్ మూసి, జోడీ తెంపి మళ్లీ కలిపితే చాలాసార్లు సర్దుకుంటుంది.

పాట తెగి తెగి వస్తుంటే అనుమానం గాలి మీద. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. చాలా ఇళ్లల్లో వైఫై కూడా అక్కడే తిరుగుతుంది. పైగా మన ఒంట్లోని నీరు ఆ తరంగాలను మింగుతుంది. ఫోను పెట్టె పక్కనే పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. వైరు పెట్టుకునే వీలుంటే వైరుతోనూ వినాలి. అప్పటికీ అదే రొద అయితేనే పెట్టెను అనుమానించాలి.

అప్పుడైనా తొందర వద్దు. పూర్తిగా ఛార్జింగు పెట్టి, సౌండు తగ్గించి వినాలి. గట్టిగా పెట్టినప్పుడే జీరబోతే బ్యాటరీ నీరసించి ఉండొచ్చు. ఇనప బీరువా మీంచి దించి చూడాలి; అదిరేది బీరువా తలుపే కావచ్చు! గోడ మూలకు నెడితే బాసు పెరిగి మాట మసకబారుతుంది. ఇవన్నీ అయ్యాక మిగిలేవి కోను చిరగడం, తీగచుట్ట దగ్గర దుమ్ము, బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలికి పట్టే తుప్పు. అది పని తెలిసినవాడు చూడాల్సింది. పెట్టె ఉబ్బితే మాత్రం ఛార్జింగు ఆపెయ్యాలి. లిథియం బ్యాటరీతో ఆటలొద్దు.

అన్నిటికీ ఒక్కటే నియమం: ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలీదు. లేబులో ప్రయోగాలు చేసేటప్పుడు మార్కుల కోసం పాటించే నియమం ఇదే కదా! గేటు దాటగానే దాన్ని ఎందుకు మరిచిపోతున్నాం?

"ఒక పాటల పెట్టెకు ఇంత రాద్ధాంతమా?" అని కొందరు నవ్వొచ్చు. కౌలు కట్టి సాగుచేసే ఇంట్లో కొత్త పెట్టె ఖరీదు నవ్వులాట కాదు. అంతేకాదు, 1977 నవంబరు 19 ఉప్పెనలో వేల ప్రాణాలు పోయిన సీమ మనది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన పక్కనే బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోతే, ఎఫ్.ఎం. ఉన్న ఆ చిన్న పెట్టె చెప్పే కబురే దిక్కు కావచ్చు. ఆ రాత్రి బజారు తెరిచి ఉండదు, మెకానిక్కు రాడు.

2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం వస్తువులను బాగుచేయించుకునే హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. సంతోషమే. కాని లోపం ఎక్కడుందో అడగడం కూడా రానివాడికి ఆ హక్కు ఏం అక్కరకొస్తుంది?

అందుకే మన యూనియన్‌కు నాదొక మనవి. వార్షికోత్సవానికి పెట్టే ఖర్చులో కొంత మిగిల్చి, ఏడాదికి ఒక్క ఆదివారం ఫిజిక్సు లేబు తలుపులు ఊరివాళ్లకు తెరుద్దాం. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా పాత రేడియో మెకానిక్కులు ఎక్కడున్నా పిలిచి గురుస్థానంలో కూర్చోబెడదాం. మూగబోయిన పెట్టెలు వాళ్లు తెస్తారు, మన చదువు మనం తెద్దాం. ఎన్ని బాగవుతాయో ముందే చెప్పలేం గాని, పారెయ్యాల్సినదేదో, పనికొచ్చేదేదో విచారించి చెప్పడం మాత్రం నేర్చుకుంటాం.